పద్నాలుగో నంబరు చీటీ

తొంభై తొమ్మిదో సంవత్సరం వానాకాలంలో నరసాపురంలోని ఓ ఆడపిల్లల హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు మామూలుగా నడవడం మానేశారు. మంచినీళ్ళ కుళాయి దాకా ఒకతి జారుకుంటూ పోయేది. ఇంకొకతి వరండా స్తంభం పట్టుకుని గిర్రున ఒక చుట్టు ఊగి క్లాసులోకి వచ్చి పడేది. మరొకతి మోకాళ్ళు వంచకుండా, పరికిణీ అంచు కదలకుండా, ఊరేగింపులో అమ్మవారిలా సాగిపోయేది. హెడ్మిస్ట్రెస్ గారు గదిలోంచి బయటికొచ్చి "ఏంటర్రా ఈ కోతి వేషాలు?" అని కేకేస్తే, అందరూ ఒక్క గొంతుతో "ఇంగ్లీషండి!" అనేవారు.

ఈ భాగోతానికంతటికీ కారణం శ్రీసుధ. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇంగ్లీషు టీచరు. రాజోలు అవతల పల్లెటూరు ఆవిడది. రోజూ పొద్దున్నే బస్సెక్కి సఖినేటిపల్లి రేవుకొచ్చి, అక్కడ పంటు మీద గోదావరి దాటి స్కూలుకొచ్చేది. మనుషులూ సైకిళ్ళూ గేదెలూ కొబ్బరి బస్తాలూ అన్నీ ఒకేసారి దాటేది ఆ పంటు మీదే. ఒకరోజు ఎనిమిదో తరగతి పాఠంలో కదలికల మాటలు బోలెడు వచ్చాయి. గ్లయిడు, స్లయిడు, స్లిప్పు, స్వింగు, స్వే, డ్రిఫ్టు, స్కిడ్డు, రోలు. వీటన్నిటికీ తెలుగులో అర్థాలు రాయించి బట్టీ వేయించడం తేలికే గానీ, ఆ పిల్లలు తెల్లారేసరికి మర్చిపోతారని శ్రీసుధకి తెలుసు. తనూ అలా మర్చిపోయిన పిల్లే కదా!

ఆ సాయంత్రం పంటు మీద నిలబడి చుట్టూ చూస్తే మాటలన్నీ అక్కడే కనిపించాయి. ఒడ్డు దగ్గర పడగానే ఇంజను ఆపేస్తారు, పంటు చప్పుడు లేకుండా అలా సాగి వచ్చి రేవుకి ఆనుకుంటుంది. అది గ్లయిడు. బస్తాని ఏటవాలు పలక మీద వదిలితే స్లయిడు. నాచు పట్టిన మెట్టు మీద ఎవరైనా కాలేస్తే స్లిప్పు, ఆ వెంటనే బూతు. గుర్రపుడెక్క ఎటు నీరు పోతే అటు కొట్టుకుపోతుంది కాబట్టి డ్రిఫ్టు. అవతలి గట్టు మీద కొబ్బరిచెట్లు గాలికి అటూ ఇటూ మెల్లిగా ఒరిగి మళ్ళీ నిలబడుతున్నాయి. అది స్వే. ఇంకేం, మర్నాడే క్లాసులో చెప్పేసింది.

"జారడానికీ ఊగడానికీ ఇన్ని మాటలు పెట్టుకున్నారంటే, ఆ దొరల దేశంలో నేలంతా నాచే కాబోలు" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. అని ఊరుకున్నారు. పిల్లలకి మాటలు రావడం ఆవిడా గమనించారు మరి.

అక్కణ్ణుంచి ఓ ఆట మొదలైంది. సోమవారం శ్రీసుధ హాజరు నంబర్ల వారీగా, వారానికి పదిమందికి, తలో మడత చీటీ ఇస్తుంది. ఎవరి మాట వాళ్ళకే తెలియాలి. శుక్రవారం ఆఖరి పీరియడులో ఒక్కొక్కళ్ళూ గుమ్మం దగ్గర్నుంచి బోర్డు దాకా ఆ మాటని ఒంటితో చేసి చూపించాలి. నోరు మెదపకూడదు. చూసినవాళ్ళు అదేం మాటో కనిపెట్టి అరవాలి. ఆ శుక్రవారాల కోసం జ్వరాలొచ్చిన పిల్లలు కూడా స్కూలుకి రావడం మొదలెట్టారు.

ఆ తరగతిలో పద్నాలుగో నంబరు వెంకటదుర్గ. రెండో ఏట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఎడమచేత్తో మోకాలి మీద నొక్కుకుంటే గానీ అడుగు పడదు. అడుగు పడ్డప్పుడల్లా ఒళ్ళంతా పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడుతుంది. అందుకని ఆ పిల్ల అందరికంటే ముందొచ్చి గోడ పక్క బెంచీలో కూర్చునేది, అందరూ వెళ్ళాక లేచేది. తను నడుస్తుండగా ఎవరూ చూడకూడదని దాని తాపత్రయం. చూసేవాళ్ళు మాత్రం చూస్తూనే ఉండేవారు. ఆఖరి బెంచీ సత్యవేణి దానికి కుంటి కొంగ అని పేరు పెట్టింది. సత్యవేణి గొంతు రేవు అవతలికి వినిపిస్తుంది, ఇంక ఆ పేరు స్కూలంతా పాకడానికెంత సేపు?

రెండో వారం శుక్రవారం. పదమూడో నంబరు పిల్ల ఉయ్యాల ఊగినట్టు ఊగి వెళ్ళి కూర్చుంది. శ్రీసుధ "పద్నాలుగు" అని పిలిచి తలెత్తేసరికి, వెంకటదుర్గ అప్పటికే లేచి నిలబడి ఉంది. తలంటుకుని, రెండు జడలేసుకుని, కనకాంబరాలు పెట్టుకుంది. కుడిచేతి గుప్పెట్లో చీటీ.

శ్రీసుధ చూపు దాని ఎడమకాలి మీద పడింది. అయ్యో, ఈ పిల్ల సంగతి నాకు తట్టనే లేదే! గుమ్మం నుంచి బోర్డు దాకా నడవాలంటే ఎంత కష్టం! పడిపోతేనో? అందరూ నవ్వితేనో? గబగబా దాని బెంచీ దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యేసి, ఎంతో మెత్తగా, "నువ్వు కూర్చోమ్మా దుర్గా. నీ చీటీ సత్యవేణి చేస్తుందిలే" అంది.

వెంకటదుర్గ గుప్పెట విప్పలేదు. శ్రీసుధే విప్పదీసింది. చీటీ చెమటకి మెత్తబడిపోయి ఉంది. సత్యవేణి దాన్ని చదువుకుని, రెండు చేతులూ పైకెత్తి, జుట్టు విరబోసుకుని, తుఫాన్లో కొబ్బరిచెట్టులా ఊగిపోయింది. మధ్యలో ఓ డస్టరు కూడా కాయలాగా కింద పడేసింది. క్లాసు గొల్లుమని "స్వే!" అని అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు, వెంకటదుర్గ కూడా కొట్టింది.

ఆ సాయంత్రం పంటు మీద శ్రీసుధకి మనసు తేలిగ్గా ఉంది. పిల్ల నవ్వులపాలు కాకుండా సమయానికి అడ్డం పడ్డానని తనకి తనే మనసులో చప్పట్లు కొట్టుకుంది. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. వాళ్ళు మన కాలు తొక్కినా మనకే దణ్ణం పెట్టాలనిపించేట్టు తొక్కుతారు.

సోమవారం వెంకటదుర్గ రాలేదు. మంగళవారం లేదు, బుధవారం లేదు. శుక్రవారం నాడు శ్రీసుధ ఉండబట్టలేక సత్యవేణిని అడిగింది.

"కుంటి కొంగ..." అని నాలిక కరుచుకుంది సత్యవేణి. "దుర్గా అండి? ఇంక రాదంటండి. ఇంటి దగ్గర లేసు అల్లుకుంటుందంట. సోమవారం వాళ్ళమ్మ టీసీకి వస్తుందండి."

ఎనిమిదో తరగతిలో టీసీ తీసుకున్న ఆడపిల్ల మళ్ళీ ఏ బళ్ళోనూ చేరదని టీచర్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మర్నాడు శనివారం, ఒంటిపూట బడి అవగానే, శ్రీసుధ ఎదురైన వాళ్ళనల్లా దారి అడుగుతూ ఏటిగట్టు వీధికి వెళ్ళింది.

ఆ వీధిలో ప్రతి అరుగు మీదా ఆడవాళ్ళే, ప్రతి చేతిలోనూ కొక్కెపు సూదే. మాటలు వేరే ఎక్కడో ఉంటాయి, చేతులు మాత్రం ఆగవు. వెంకటదుర్గ తల్లి పాపాయమ్మ టీచర్ని చూసి కంగారుగా లేచి, ముక్కాలిపీట తుడిచి వేసింది.

"ఆయ్, రండి మేడం గారూ, కూర్చోండి. దీనికి కాలు నొప్పంటోందండి, అందుకే పంపట్లేదు. ఎలాగూ దీనికి చేతులు బాగున్నాయి కదండీ? లేసు ఏజెంటు గారు మూడు నెలల పనికి సరిపడా దారం ఇచ్చేశారు. ఇల్లు కదలక్కర్లేదు, ఒకళ్ళ చేత మాట పడక్కర్లేదు."

వెంకటదుర్గ తలెత్తకుండా, చేతిలో దారానికి చెప్పినట్టు "నమస్తే మేడం" అంది. ఎడమచేతి చూపుడువేలి మీదుగా తెల్లదారం తడబాటు లేకుండా జారిపోతోంది. సూది దూరుతోంది, తిరుగుతోంది, వస్తోంది. కళ్ళు మూసి తెరిచేలోగా ఓ పువ్వు రేకు తేలింది. శ్రీసుధ ఆ వేళ్ళని చూసి చూసి, ఒక్కసారిగా ముఖం వెలిగిపోయి, ముందుకు వంగింది.

"దుర్గా! స్లయిడంటే ఇదే! నీ వేలి మీద దారం ఎలా వెళ్తోందో చూడు. ఇది క్లాసులో చేసి చూపించు, అందరూ నోళ్ళు వెళ్ళబెడతారు. నువ్వు లేవక్కర్లేదు కూడా. నీ బెంచీలో కూర్చునే చెయ్యొచ్చు."

సూది ఆగింది.

"కూర్చునాండి?"

"ఆ, హాయిగా కూర్చుని."

"నాకు పనుందండి మేడం" అంది వెంకటదుర్గ. దారం ఉండ ఒళ్ళో వేసుకుని, గోడ పట్టుకుని లేచి, మోకాలి మీద చెయ్యేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు గానీ, వేసినట్టే అయింది.

శ్రీసుధకి ఏమీ అర్థం కాలేదు. మంచికి పోతే ఇదేంటి? పాపాయమ్మ గొంతు తగ్గించి అంది.

"మీరేమీ అనుకోకండి మేడం గారూ. మీరిచ్చిన చీటీ పట్టుకొచ్చి ఆ సోమవారం నుంచి ఒకటే పని అండి దీనికి. అదిగో, ఆ కొబ్బరిచెట్టు కింద నిలబడి దాన్నే చూసేది. ఇక్కణ్ణించి గట్టు దాకా నడిచేది, గట్టు దగ్గర్నించి ఇక్కడికి నడిచేది. నలుగురూ చూత్తారని గుమ్మం దాటని పిల్ల! ఏంటే ఇదీ అన్నానండి. అమ్మా, నా నడకకి ఇంగ్లీషులో పేరుందే, స్వే అంటారు, చెట్టుకీ అదే పేరు, వరిచేనుకీ అదే పేరు అంది."

శ్రీసుధ ఆ కొబ్బరిచెట్టు వంక చూసింది.

"దీన్ని నడిపించడానికి నాకు నాలుగేళ్ళు పట్టిందండి. ఇది నడుత్తుంటే జాలిపడి తల తిప్పుకునేవోళ్ళే గానీ, నవ్వేవోళ్ళే గానీ, చూడండెహే అని అదే నడిచి చూపించింది ఆ నాలుగు రోజులేనండి. శుక్రవారం పొద్దున్నే తలంటు పోయించుకుని మరీ ఎల్లింది. సాయంత్రం వచ్చి, పూలు తీసేసి, సూది పట్టుకుంది. మీరు కూర్చోమన్నారంటగా."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఒకసారి కూర్చోమని ఆ పిల్ల గుప్పెట విప్పదీసింది చాలక, ఇప్పుడు వెతుక్కుంటూ ఇంటికొచ్చి మరీ మళ్ళీ కూర్చోమంది! శ్రీసుధకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. లోపల చీకట్లో వెంకటదుర్గ మంచం పట్టె మీద కూర్చుని ఉంది.

"దుర్గా, తప్పు నాదేనమ్మా. నీ చీటీ నీ చేతిలోంచి లాక్కున్నాను. నువ్వేం చేస్తావో చూడనైనా చూడలేదు. నన్ను క్షమించు."

"అయ్యో, పెద్దోరు మీరలా అనకూడదండి" అని వెనకనుంచి పాపాయమ్మ కంగారు పడింది.

లోపల మంచం పట్టె కిర్రుమంది. తర్వాత, "నా చీటీ నాకిస్తారా అండి?" అంది వెంకటదుర్గ.

శ్రీసుధ సంచీలోంచి నోట్సు తీసి, కాగితం చింపి, ఏమీ రాయకుండా మడిచి ఇచ్చింది. "ఆ చీటీలో మాట అందరికీ తెలిసిపోయింది. ఇందులో ఏం రాసుకుంటావో నీ ఇష్టం. నాకు కూడా చెప్పకు."

వెంకటదుర్గ ఆ ఖాళీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సోమవారం వస్తానండి. టీసీకి అమ్మా వస్తుంది. ముందు నేను చీటీ చేస్తాను. వాళ్ళు నవ్వితే అమ్మతో వెళ్ళిపోతాను. ఇంక నన్ను రమ్మనకూడదు."

"సరే."

"నవ్వొద్దని మీరు వాళ్ళకి ముందే చెప్పకూడదండి. చెప్పారంటే మీ మీద ఒట్టే."

శ్రీసుధ ఒప్పుకుంది. ఆదివారమంతా ఆ ఒప్పుకున్నందుకు తనని తను తిట్టుకుంది. నలభై ఇద్దరు పిల్లలు! అందులో ఒక్కతి కిసుక్కుమంటే చాలు, అది అంటురోగంలా పాకిపోతుంది. పైగా ఆఖరి బెంచీలో సత్యవేణి! సోమవారం పంటు మీద ఆవిడ కొబ్బరిచెట్ల వంక చూడలేదు, ఇంజను చప్పుడు వింటూ తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

మొదటి పీరియడే ఇంగ్లీషు. పాపాయమ్మ వరండాలో కిటికీ దగ్గర నిలబడి ఉంది, ఎవరిచేతో రాయించిన టీసీ దరఖాస్తు చేతిలో పట్టుకుని. వెంకటదుర్గ ఆరోజు ముందే వచ్చి బెంచీలో కూర్చోలేదు. క్లాసు నిండేదాకా ఆగి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పద్నాలుగో నంబరు చీటీ మిగిలిపోయింది" అంది శ్రీసుధ.

క్లాసంతా గుమ్మం వైపు తిరిగింది. వెంకటదుర్గ గడప దాటబోతూ కొంచెం తూలింది. శ్రీసుధ తనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచి చెయ్యి చాచింది.

"మీరు కూర్చోండి మేడం" అంది వెంకటదుర్గ. పొగరుగా అనలేదు. ఆవేళ శ్రీసుధ ఎంత మెత్తగా అందో, అంత మెత్తగానూ అంది.

శ్రీసుధ కూర్చుంది.

వెంకటదుర్గ నడిచింది. కొత్తగా ఏమీ చెయ్యలేదు. రోజూ ఎలా నడుస్తుందో అలాగే, మోకాలి మీద చెయ్యేసి. కాకపోతే రోజూ ఎవరో తరుముతున్నట్టు పరుగులు పెట్టేది, ఇవాళ తొందర లేదు. ఒళ్ళు పక్కకి ఒరిగినప్పుడు ఒరగనిచ్చింది. తిరిగి నిలబడ్డాక ఓ క్షణం ఆగింది. మళ్ళీ ఒరిగింది. తల వంచుకోలేదు. రెండో బెంచీలో ఎవరో కిసుక్కుమని, వెంటనే నోరు నొక్కుకున్నారు. కిటికీలో పాపాయమ్మ దరఖాస్తుని రెండు మడతలు, నాలుగు మడతలు వేసింది.

బోర్డు దగ్గరికి చేరి వెంకటదుర్గ వెనక్కి తిరిగింది. ఆట ప్రకారం ఇప్పుడు అందరూ అరవాలి. ఒక్కరూ అరవలేదు. ఆ నడకకి వాళ్ళకి తెలిసిన పేరు ఒకటే. అది అందరి నాలిక చివరా ఉంది, అందుకే అందరూ నోళ్ళు మూసుకున్నారు. వెంకటదుర్గ అందరి ముఖాలూ చూసింది. చీటీ పట్టుకున్న చెయ్యి మెల్లిగా కిందికి దిగిపోతోంది. శ్రీసుధ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అరవండర్రా, ఎవరైనా అరవండి!

ఆఖరి బెంచీలో సత్యవేణి లేచి నిలబడింది. చచ్చాం అనుకుంది శ్రీసుధ.

"మేడం, ఇంకోసారి చెయ్యమనండి. నేను సరిగ్గా చూళ్ళేదండి."

వెంకటదుర్గ దాని వంక సూటిగా చూసింది. బోర్డు దగ్గర్నుంచి మళ్ళీ గుమ్మం వైపు నడవడం మొదలెట్టింది. ఒరిగింది, నిలబడింది, ఒరిగింది, నిలబడింది. సత్యవేణి మెడ ముందుకు చాపి చూస్తోంది. దానికి తెలియకుండానే దాని భుజాలు కూడా అటూ ఇటూ కదులుతున్నాయి.

"స్వే" అంది సత్యవేణి. రేవు అవతలికి వినిపించే ఆ గొంతు మొదటిసారి పక్క బెంచీకి కూడా సరిగ్గా వినపడలేదు. తర్వాత గట్టిగా, "స్వే అండి! ఇదీ స్వే అంటే! నేను ఆవేళ తప్పు చేశానండి మేడం. తుఫానొచ్చినట్టు ఊగేశాను. మామూలు గాలికి ఇలాగే కదండీ ఉంటుంది?"

"స్వే! స్వే!" అని క్లాసు క్లాసంతా అందుకుంది. కిసుక్కుమన్న రెండో బెంచీయే అన్నిటికంటే గట్టిగా అరిచింది.

వెంకటదుర్గ అందరి అరుపులూ అయ్యేదాకా ఆగి, చీటీ మడత విప్పి, అందులో పెద్దక్షరాలతో రాసుకున్న మాట క్లాసుకి చూపించింది. "కరెక్ట్" అంది, తానే టీచరైనట్టు. ఆ తర్వాత దాని మూతి వంకర్లు పోయింది, అది నవ్వో ఏడుపో దానికే తెలియలేదు. మోకాలి మీద చెయ్యేసుకుని, మెల్లిగా, అందరూ చూస్తుండగా వెళ్ళి తన బెంచీలో కూర్చుంది.

శ్రీసుధ కళ్ళు తుడుచుకోవడానికి బోర్డు వైపు తిరిగి, అక్కర్లేని చోట తుడిచి, కాసేపటికి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"పాపాయమ్మ గారూ, టీసీకని వచ్చారు కదా... ఆ కాగితం ఇలా ఇస్తారా?"

పాపాయమ్మ గుప్పెట్లో ఉన్న దరఖాస్తుని ఉండ చుట్టి బొడ్లో దోపుకుంది.

"టీసీ ఏంటండి? నేను పిల్లకి క్యారేజీ ఇద్దామని వచ్చానండి."

శ్రీసుధ ఆవిడ చేతుల వంక చూసింది. రెండు చేతులూ ఖాళీ.

"ఏదండీ క్యారేజీ?"

"ఇంటికాడ మర్చిపోయానండి" అంది పాపాయమ్మ. "ఇప్పుడే ఎల్లి, వండి తెచ్చేత్తాను." కొంగుతో మొహం తుడుచుకుని గబగబా మెట్లు దిగింది.